చివరి ఆట వేరేవాళ్ళది

డయాలిసిస్ గదిలో నా పక్క కుర్చీ అల్జీరియా మాస్టారుది. పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. రోజు మార్చి రోజు, కెనడాలోని సర్రీలో ఆ గదిలో, ఆయన రక్తమూ నా రక్తమూ పక్కపక్క మెషీన్లలో తిరుగుతుంటాయి. అంతకన్నా దగ్గరి చుట్టరికం ఈ మధ్య నాకెవరితోనూ లేదు.

ఆయన చెప్పేది ఒక్కటే కథ, వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ జట్టు కథ. మొదట్లో ఒళ్ళు మండేది. బతుకిలా తగలడితే మధ్యలో బంతి గొడవేమిటి అనుకునేదాన్ని. కానీ ఒక చెయ్యి సూదుల కింద ఉంటే, మిగిలిన చేత్తో రెండు చెవులూ మూసుకోలేం కదా. విన్నాను.

దేశం రాకముందే వాళ్ళకు జట్టు వచ్చిందట. ఫ్రాన్సులో పేరూ డబ్బూ సంపాదించుకున్న ఆటగాళ్ళు, ఆ ఫ్రాన్సు మీదే స్వాతంత్ర్య పోరాటం నడుస్తుండగా, అన్నీ వదిలి దొంగచాటుగా సరిహద్దు దాటారట. ఇంకా పుట్టని దేశం తరఫున ఆడారట. కొందరు దారిలోనే పట్టుబడ్డారట.

"అంత మంచి ఉద్యోగాలు ఎలా వదులుకున్నారు?" అని అడిగాను.

"మనవాళ్ళు వచ్చి అడిగారు మేడమ్. వెళ్ళారు" అన్నారాయన, అదేదో పెరట్లోకి వెళ్ళినంత మామూలుగా.

ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. నేనూ అడిగాను మరి. మా ఆయనకు షుగర్, ఆయన కిడ్నీ పనికిరాదు. పిల్లలు లేరు. దూరాన రెజైనాలో గవర్నమెంట్ ఉద్యోగం చేసే తమ్ముణ్ణి అడిగాను, ఇక్కడికి దగ్గర్లోనే బర్నబీలో ఉండే చెల్లెల్ని అడిగాను. కోస్తాలోని మా క్రైస్తవ ఇళ్ళలో 'కాదు' అనే మాట ఎవరి నోటా రాదు. పెళ్ళి సంబంధమైనా, స్థలం అమ్మకమైనా, ఇష్టం లేకపోతే 'ప్రార్థనలో పెట్టాం' అంటారు. అవతలివాళ్ళు గ్రహించుకోవాలి.

"అక్కా, ప్రేయర్‌లో పెట్టాం. చెల్లి హాస్పిటల్‌కి దగ్గరేగా, ముందు తను టెస్ట్ చేయించుకుంటే, కాకపోతే నేనున్నాగా" అన్నాడు తమ్ముడు.

"అన్నయ్యదీ నీదీ ఒకటే బ్లడ్ గ్రూప్ అక్కా. తను ముందు అప్లై చేస్తే బెటర్. మేమూ కనిపెడుతున్నాం" అంది చెల్లెలు. దేవుడి జవాబు కోసం ఎదురుచూస్తున్నామని దానర్థం.

పోనీ మా తెలుగు సంఘంలో ఎవరినైనా అడుగుతానంటే ఇద్దరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. సొంతవాళ్ళుండగా బయట చెయ్యి చాస్తే వాళ్ళ పరువేం కాను? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఈలోగా నా ఎడమ చేతిలో నరాలు పూర్తిగా పనికిరాకుండా పోయాయి. కుడి చేతికి మార్చారు. ఇదీ పాడైతే సూదులకు ఇంకెక్కడైనా చోటు వెతుక్కోవాలని నర్సు మెల్లగానే చెప్పింది. నాకు బతకాలని ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎవరు జాలిపడినా, ఎవరు విసుక్కున్నా, నాకు బతకాలని ఉంది.

ఇదంతా మాస్టారికి చెప్పాను. ఆయన ఎనభై రెండు ప్రపంచకప్ సంగతి ఎత్తారు. అల్జీరియా వెళ్ళడమే అది మొదటిసారి. వెళ్ళీ వెళ్ళగానే పశ్చిమ జర్మనీని ఓడించింది. తన ఆటలు మూడూ అయ్యేసరికి రెండు గెలిచి కూర్చుంది. కానీ మర్నాడు జర్మనీకీ ఆస్ట్రియాకీ ఆట మిగిలి ఉంది. జర్మనీ ఒక్క గోలుతో గెలిస్తే చాలు, వాళ్ళిద్దరూ పై రౌండుకు వెళ్తారు, అల్జీరియా ఇంటికి వెళ్తుంది. ఆట మొదలైన కాసేపటికే ఆ గోలు పడింది.

"ఆ తర్వాత ఎవరూ ఆడలేదు మేడమ్. నువ్వు పట్టుకో, నేను పట్టుకుంటా. జనం అరిచారు, ఈలలు వేశారు. మా వాళ్ళు చూస్తూ కూర్చున్నారు. మైదానంలో లేనివాళ్ళు ఏం చేయగలరు?"

నా ఫోన్ నా ఒళ్ళోనే ఉంది. రెజైనా నుంచి బర్నబీకి, బర్నబీ నుంచి రెజైనాకి ఆ బంతి ఎన్ని నెలలుగా తిరుగుతోందో నాకు తెలుసు.

"ఆ తర్వాత రూల్ మార్చారు. గ్రూపులో చివరి ఆటలు రెండూ ఒకే వేళకు మొదలు కావాలి. ఒకరి ఫలితం చూసుకుని ఇంకొకరు ఆడకూడదు" అన్నారు మాస్టారు.

అది నా బుర్రలో నాటుకుపోయింది. మా ఇద్దర్నీ ఒకేసారి ఆడిస్తానని ఆయనతో అన్నాను. థ్యాంక్స్‌గివింగ్ పండక్కి తమ్ముడు బర్నబీ వస్తున్నాడని తెలిసి, మా ఆయన్ని డ్రైవ్ చేయమని, ఎవరూ పిలవకుండానే చెల్లెలింటికి వెళ్ళాను. ఇద్దర్నీ ఒక సోఫాలో కూర్చోబెట్టాను.

"ఇప్పుడు ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. ఇవాళ చెప్పేయండి. ఇవ్వలేమంటే నేనేం అనుకోను, మన సంఘంలో అడుక్కుంటాను. కానీ చెప్పండి."

చెల్లెలు తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు కార్పెట్ వైపు చూశాడు.

"అలా మొహం మీద అడిగేస్తే ఎలా అక్కా? ముందు ప్రార్థన చేసుకుందాం" అన్నాడు.

మోకాళ్ళ మీద కూర్చున్నాం. తమ్ముడిది మంచి గొంతు, చిన్నప్పుడు నేనే వాడికి ప్రార్థన నేర్పాను. ఏడుస్తూ చేశాడు, నటన కాదు. "ప్రభువా, మా అక్కకి తగిన మనిషిని ఎక్కడినుంచైనా నీవే పంపు తండ్రీ" అన్నాడు.

"అవును తండ్రీ" అంది చెల్లెలు.

నేను కళ్ళు తెరిచి చూశాను. ఇద్దరూ గట్టిగా కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆమెన్ అన్నాక చెల్లెలు నన్ను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత భోజనం వడ్డించింది. నా కోసం ఉప్పు వేయకుండా విడిగా వండింది. నేను తిన్నాను.

తర్వాత డయాలిసిస్‌కి వెళ్ళినప్పుడు మాస్టారు కుర్చీలోంచి కాస్త పైకి లేచారు.

"ఇద్దర్నీ ఒకేసారి ఆడించారా మేడమ్? ఎవరు గెలిచారు?"

"ఇద్దరూ గెలిచారు మాస్టారూ."

నర్సు సూదులు తెచ్చింది. చెయ్యి చాపాను.