ఎత్తు మీద వడదెబ్బ

2019 జూన్ 11, మంగళవారం, మధ్యాహ్నం మూడున్నరకు మేనమామ ఫోన్ చేశాడు. కోస్గి దగ్గరి మా పల్లెలో, ఇంటి వసారాలో, నేనూ అమ్మా విత్తనానికి పల్లికాయ ఒలుస్తున్నాం. మామ కూలీల గుంపుకు మేస్త్రీ. ఆ గుంపుతో లద్దాఖ్ కొండల మీద రోడ్డు పనికి వెళ్లిన బాపు ముందురోజే అక్కడికి చేరాడు.

"మీ బాపుకు వడదెబ్బ తగిలింది బిడ్డా. తలకాయ పగులుతాందంటడు. రెండుమాట్ల కక్కిండు. ఫికర్ లేదు, నీడకు పండబెట్టినం."

"ఉల్లిగడ్డ దంచి అరికాళ్లకు రాయమను," అంది స్పీకర్‌లో వింటున్న అమ్మ. "జర పండుకుంటే తేరుకుంటడు."

వాళ్లిద్దరి మాటను కాదనడం సులువు కాదు. పాలమూరులో రాళ్లు కొట్టి బతికేవారికి తలనొప్పి, వాంతి అంటే వడదెబ్బే. పైగా ఆ ఎత్తున ఎండ సుర్రుమంటోందట. మా గుంపుకు ఒక పట్టింపు కూడా ఉంది. పని జాగాకు చేరిన నాడే గడ్డపార దింపాలి. కూర్చుంటే పరాయి మేస్త్రీలు నవ్వుతారు. బాపు లారీ దిగిన వెంటనే రాయి కొట్టాడు.

మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినదాన్ని నేను. నా విషయం జంతుశాస్త్రం. చలికాలంలో మా చెరువుకు వచ్చే, తల మీద నల్ల పట్టీలున్న బాతులు హిమాలయాలు దాటి వస్తాయని ఒకసారి చెప్పాను. బయలుదేరే రోజు బాపు అది గుర్తు చేసి, "బాతు దాటిన కొండ నేనెక్కలేనా?" అని నవ్వాడు. పలుచని గాలిలోనూ ప్రాణవాయువును గట్టిగా పట్టుకునే రక్తం ఆ బాతులకు తరతరాలుగా అబ్బింది. కింది నేలల మనిషి మాత్రం ఊపిరి వేగం పెంచుకుని, రక్తంలో ఎర్రకణాలు పెంచుకుని, రోజుల తరబడి అలవాటు పడాలి. బాపు శరీరానికి తెలిసిన విద్య వేరు. అది ఎండను చెమటతో ఓర్చుకోగలదు.

అయితే శరీరం తానే అలవాటు పడుతుందని కూడా పుస్తకంలోనే ఉంది. పడుకోనిస్తే చాలునేమో. గుట్టకు మించిన ఎత్తు నేను చూసి ఎరుగను. పరీక్షలో రాసిన జవాబును బాపు ప్రాణం మీద పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు.

"మామా, ఒళ్లు కాలుతాందా?"

"లేదు. సల్లగనే ఉంది."

"లేపి నాలుగడుగులు నడిపియ్యి."

ఫోనులో గాలి హోరు మధ్య, లేవమని బాపును పిలుస్తున్న మామ మాటలు వినిపించాయి. తర్వాత మామ గొంతు తగ్గింది.

"తూలుతాండు బిడ్డా. తాగినోని లెక్క. చుక్క ముట్టలే, ఒట్టు."

ఒళ్లు చల్లగా ఉందంటే ఇది వడదెబ్బ కాదు, తూలుతున్నాడంటే ప్రాణవాయువు చాలక మెదడు వాస్తోందని అర్థం. ఇక అలవాటు పడేదాకా ఆగే వీలు లేదు.

"పండబెట్టొద్దు మామా. ఇప్పుడే కిందికి దించుండ్రి."

"పొద్దుగాల సామాను లారీ పోతది. అండ్ల పంపిస్త."

"పొద్దుగాల దాకా ఉండడు."

నా నోటి నుంచి ఆ మాట రాగానే అమ్మ చాట పక్కకు నెట్టి ఫోను లాక్కుంది.

"అన్నా, పిల్లను సదివియ్యమని ఇన్నేండ్లు పోరుపెట్టినోనివి నువ్వే. తీరా సదువు మాట్లాడితే ఇంటలేవు. బండి తియ్యి."

ఫోను తెగింది. మళ్లీ చేస్తే కలవలేదు. అమ్మ పల్లికాయ ఒలవడం మొదలుపెట్టింది. గింజలను పొట్టులో వేస్తుండడం నేను చూశాను.

దీపాలు పెట్టే వేళకు కింది లోయలోని దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. ముక్కుకు గాలిగొట్టం పెట్టారని చెప్పి మామ ఫోను బాపుకు ఇచ్చాడు.

"ఆకలైతాంది," అన్నాడు బాపు. "ఈడ అన్నీ రొట్టెలే. బువ్వ లేదు."

అమ్మ ఫోను నా చేతికిచ్చి, పొట్టులోంచి గింజలు ఏరడం మొదలుపెట్టింది.

అప్పటినుంచి మామ గుంపు ఎత్తు పనులకు వెళితే దారిలోని ఊళ్లో కొన్నాళ్లు ఆగుతుంది. పైకి చేరిన నాడు ఎవరూ గడ్డపార ముట్టరు. బాపు మళ్లీ ఆ కొండలకు వెళ్లలేదు.