శాంపిల్ చిక్కీ

బడికి సరుకు అమ్మాలంటే హెడ్మాస్టరును కలిస్తే చాలనుకున్నాను. ముదిగుబ్బ పక్కన మా ఊళ్ళో మేం కొంతమంది ఆడవాళ్ళం సంఘంగా చేరి వేరుశెనగ చిక్కీ చేస్తాం. సంతలో, బస్టాండులో అమ్ముకుంటాం. బడిపిల్లలకు అన్నంతో పాటు చిక్కీ కూడా ఇస్తారని తెలిసి, ఒక పొట్లం పట్టుకుని నేరుగా మా ఊరి బడికి వెళ్ళాను. హెడ్మాస్టరమ్మ తిని చూసింది.

"బలే ఉండాదమ్మా. కానీ నేను కొనేకి లేదు. జిల్లా ఆఫీసోళ్ళు టెండరు పిలుస్తారు, ఆడికి పో" అంది.

ఆడికీ పోయాను. లైసెన్సు ఉంది, సరుకు పరీక్ష చేయించిన రిపోర్టు ఉంది. అన్నీ చూసిన గుమాస్తా, ఇంతకుముందు బళ్ళకో హాస్టళ్ళకో సరఫరా చేసిన అనుభవం ఉందా అని అడిగాడు. ఆర్డరు ఇస్తే కదా అనుభవం వచ్చేది! అనుభవం ఉంటేనే ఆర్డరట. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే ఆయన దగ్గరికి వెళ్ళాను.

ఆయన ఎవరో చెప్పాలి. నా తోడబుట్టినవాడికి చిన్ననాటి స్నేహితుడు. హాస్టళ్ళకు పప్పు, నూనె సరఫరా చేసే కంట్రాక్టరు. మా అన్న పోయాక ఆడబిడ్డగా నాకు పుట్టిల్లు లేకుండా పోయింది. మా వైపు ఏడాదికోసారి అన్నదమ్ములు వచ్చి ఆడపడుచు కొంగులో బియ్యం, కొబ్బరి, రవికగుడ్డ పెట్టి ఒడి నింపుతారు. ఆ ఏడు నా ఒడి నింపేవాళ్ళు లేరని ఇంట్లో కూర్చుని ఏడుస్తుంటే, ఆయన పళ్ళెం పట్టుకుని గడప తొక్కాడు. "వాడు పోతే నేను ల్యాకపోయినానా? ఒడి పట్టుమ్మా" అన్నాడు. పట్టాను. ఆ రోజు నుంచి ఆయన నాకు అన్నే. ఏటా వచ్చేవాడు, ఏటా పట్టేదాన్ని.

నా గోడు విని ఆయన నవ్వాడు. "దీనికింత ఏడ్సాల్నా? అనుభవం నాకుండాది. టెండరు నా పేరు మింద ఏస్తా, చిక్కీ మీరు చేయండి. నువ్వు ఫస్టు మంచి శాంపిల్ ఒగటి చేసియ్యి."

సంఘంలో ఒకామె, నాకంటే చిన్నది, మెల్లగా అడిగింది. "ఏమన్నా రాయించుకుంటివా అక్కయ్యా?"

ఆమె మీద నేను విరుచుకుపడ్డాను. ఒడి నింపిన అన్న దగ్గర ఎవరైనా కాగితం రాయించుకుంటారా? అట్లా అడిగినదానికి పుట్టింటి గడప తొక్కే మొహం ఉంటుందా? మా దగ్గర ఆ మాట ఎవరూ కాదనరు. ఆమె కూడా కాదనలేదు. తల వంచుకుని గింజలు ఏరుకుంది.

ఆ శాంపిల్ చేసినట్టు నా జన్మలో ఇంకేదీ చేయలేదు. ముడుచుకుపోయిన గింజ ఒక్కటి కూడా లేకుండా ఏరాం. సన్న సెగ మీద వేయించి, పొట్టు చెరిగాం. పాకం చుక్కను చన్నీళ్ళలో వేసి, ఉండ చేసి, పళ్ళేనికేసి కొడితే టంగుమనాలి. అట్లా మోగేంతవరకూ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. ఆయనతో పాటు జిల్లా ఆఫీసుకు నేనే మోసుకెళ్ళాను. కమిటీ వాళ్ళు వరసగా కూర్చుని అందరి చిక్కీలూ కొరికి చూశారు. మాది కొరికిన ఒకాయన ఇంకో ముక్క అడిగి తీసుకున్నాడు. "మా చెల్లెలు చేసింది సార్" అని ఆయన చెప్పాడు. నాకు కళ్ళు చెమర్చాయి. ఒక పొట్లాన్ని గుడ్డలో చుట్టి, లక్క సీలు వేసి బీరువాలో పెట్టారు. రాబోయే సరుకు దాని మాదిరిగానే ఉండాలట.

ఊరికొచ్చి అందరికీ చెప్పాను. వేరుశెనగ పీకడం అయిపోయాక మా ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి, జనం బెంగుళూరు సిమెంటు పనికి పోతారు. ఆ ఏడు మా సంఘం వాళ్ళను నేను ఆపాను. ఇంటి దగ్గరే పని దొరుకుతుంది, పిల్లలను వదిలి పోవద్దు, నా మాట నమ్మండి అన్నాను. మేస్త్రీ లారీ తెస్తే ఎక్కకుండా నిలబడ్డారు.

నేను ఫోను చేసినప్పుడల్లా ఆయనది ఒకటే మాట. "ఇంగా ఫైలు కదల్లేదమ్మా."

ఒకరోజు బళ్ళో తల్లిదండ్రుల మీటింగుకు పిలిస్తే వెళ్ళాను. హెడ్మాస్టరమ్మ మొహం ముడుచుకుని ఒక చిక్కీ నా చేతిలో పెట్టింది. "ఏమమ్మా, ఆ పొద్దు తెచ్చింది అట్లుండె, నిన్న పంపిచ్చింది ఇట్లుండాదే? పిల్లోళ్ళు నోట్లో పెట్టుకుని ఊంచేస్తాండారు."

కొరికాను. పాత నూనె వాసన, మింగాక నాలుక మీద చేదు. పళ్ళకు అంటుకుని సాగింది. పొట్లం మీద ఆయన కంపెనీ పేరు. పక్కన కూర్చున్న తల్లులు నన్నే చూస్తున్నారు. ఇది నేను చేసింది కాదని చెప్పబోయాను. ఎట్లా చెప్పేది? మా చిక్కీయే బళ్ళకు పోతుందని ఊరంతా చాటింది నేనే కదా.

బడి నుంచి అటే బస్సెక్కి ఆయన కొట్టుకు వెళ్ళాను. తేలు కుట్టిన దొంగలా ఉంటాడనుకున్నాను. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

"యాన్నుంచి తెప్పిచ్చినావన్నా ఆ చెత్త?"

"నీ చిక్కీ కొనిపిస్తే నాకేం మిగుల్తాదమ్మా? శాంపిల్ శాంపిలే, సరుకు సరుకే. అందరూ చేసేదే. ఆ సీలు ఇప్పి చూసేది ఎవురు?"

కోపంగా అని ఉంటే బాగుండేది. చిన్నపిల్లకు లోకం తీరు చెప్పినంత నెమ్మదిగా చెప్పాడు. టీ గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను. దారి పొడుగునా ఏడ్చాను. డబ్బు కోసం కాదు. అన్న అని పిలిచినందుకు. బయటివాడు మోసం చేస్తే పోలీసులకైనా చెప్పుకోవచ్చు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

సంఘం వాళ్ళకు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఎవరూ నన్ను తిట్టలేదు. కాగితం గురించి అడిగినామె మూట కట్టుకుంటూ, "పోనీలే అక్కయ్యా, నువ్వేం చేస్తావు" అంది. తిట్టినా బాగుండేది. తరువాత వచ్చిన లారీలో వాళ్ళు బెంగుళూరు వెళ్ళిపోయారు, మంచి కూలి దొరికే రోజులన్నీ అయిపోయాక. ఇప్పటికీ ఒకటి నన్ను తొలుస్తుంది. మొదటిసారి ఒడి నింపిన రోజు ఆయన నిజంగా అన్నేనా, లేక ఆ తరువాత ఎప్పుడైనా మారాడా? ఎప్పుడో తెలిస్తే, అంతకుముందు పెట్టిన రవికగుడ్డలనైనా దాచుకునేదాన్ని.

మరుసటి ఏడు మళ్ళీ టెండరు పిలిచారని విన్నాను. ఆ వారంలోనే ఆయన పళ్ళెంతో మా గడపలో నిలబడ్డాడు. బియ్యం, కొబ్బరి, ఆకుపచ్చ రవికగుడ్డ. ఏమీ జరగనట్టే ఉన్నాడు.

"ఒడి పట్టుమ్మా. ఆ మీద శాంపిల్ ఒగటి చేసియ్యాల నువ్వు. నీ చెయ్యి ఎవురికీ రాదు."

సిగ్గు లేని నా చెయ్యి అలవాటు కొద్దీ కొంగు దగ్గరికి పోయింది. ఆ కొంగును లాగి నడుముకు దోపుకున్నాను.

"అన్నా, నువ్వు తెచ్చినది శాంపిలా, సరుకా?"

ఆయన పళ్ళెం అట్లాగే పట్టుకుని, వెనక్కి తిరిగి కారెక్కాడు. నేను తలుపు వేసుకుని మా అన్న ఫోటో ముందు కూర్చున్నాను. నాకు పుట్టిల్లు రెండోసారి పోయింది.