తెర వేస్తే మిషన్ తొక్కాలి

మా అక్క కొట్టులో రూలంటూ ఉంటే ఒక్కటే. తెర వేస్తే మిషన్ తొక్కాలి.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. ఒకే గదిలో ముందువైపు నేను ఇస్త్రీ బల్ల వేసుకున్నాను, వెనకవైపు ఆవిడ రెండు కుట్టుమిషన్లు వేసుకుంది. అద్దె చెరి సగం, గొడవ రోజుకొకటి. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా ఆవిణ్ని అక్కా అనే పిలుస్తారు, ఎందుకో ఎవరికీ తెలీదు. కొత్త బట్టలు కుట్టేది తక్కువ, పాతవి బాగుచేసేదే ఎక్కువ. బిగుతైన గౌన్లు వదులు చేయడం, ప్యాంటు అంచులు మడిచి కుట్టడం, కోటు లైనింగ్ మార్చడం.

ఆడవాళ్ళు కొలతలు ఇచ్చుకోవడానికి మూలన ఒక తెర కట్టింది. ఆ తెర వెనక ఏం మహిమ ఉందో గానీ, నడుం చుట్టూ టేపు పడేసరికి ఆడదాని నోట్లోంచి మాట దానంతట అదే వస్తుంది. మొగుడి సంగతి, కడుపు సంగతి, ఉన్నట్టుండి చిక్కిపోయిన ఒంటి సంగతి. అక్క లోపల వింటూ కొలుస్తూ ఉంటుంది. బయట ఉన్నది నేనైనా, కాజాలు కుట్టే పనిపిల్లైనా, మిషన్ ఎక్కి గడగడలాడించాలి. గుడ్డ లేకపోతే దారం తీసేసి ఖాళీగా తొక్కాలి. లోపలి మాట ఒక్క ముక్క బయటికి వినపడకూడదు.

"ఎందుకక్కా ఈ దండగ పని? బెల్టు అరిగిపోతోంది. వింటే మాత్రం ఏమైంది, అందరం ఆడవాళ్ళమేగా," అన్నాను మొదట్లో ఒకసారి.

"లోపల బట్టలు విప్పింది. నీకు చూపించిందా?"

"లేదు."

"మాటా అంతే. తొక్కు."

ఆ ఏడుపు తొక్కుడుతో నా మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా తొక్కాను. వీధిలో ఎవరికి నెల తప్పిందో వాళ్ళ మొగుళ్ళకంటే ముందు అక్కకి తెలుసు. ఎవరి వీపు మీద ఏ మచ్చ కొత్తగా వచ్చిందో తెలుసు. ఏనాడైనా నోరు జారిందా? "ఆ మూడో ఇంటావిడ బాగా ఒళ్ళు చేసిందటగా?" అని ఎవరైనా కూపీ లాగబోతే, "టేపు నాదేనమ్మా, ఒళ్ళు ఆవిడది," అని సూదిలో దారం ఎక్కించుకునేది. నా సంగతి వేరు. నా నోట్లో నువ్వుగింజ నానదని వీధంతటికీ తెలుసు.

అక్కకి ఫోన్ లేదు. కొట్టు బోర్డు మీద రాయించింది నా నంబరే. ఫోను అంటే ఆవిడకి భయమేం కాదు, రోత. ఒకరోజు నా ఫోన్ చేతిలోకి తీసుకుని, "నువ్వు అడగనిది కూడా ఇందులో కనపడుతోందేమిటే?" అంది. చెప్పులు చూస్తే చెప్పుల ప్రకటనలు. కుక్కర్ రబ్బరు వెతికితే నెల రోజులు కుక్కర్లే కుక్కర్లు. "ఎవడో వెనకాలే నడుస్తూ నీ సంచీలో చెయ్యి పెట్టి కెలుకుతున్నట్టు లేదూ?" అంది. నవ్వేశాను. తర్వాత ఒక తెల్లవారుజామున, ఇంట్లో ఎవరూ లేవకముందు, నేనూ ఒక విషయం వెతికాను. మా ఆయనకి చెప్పనిది, అక్కకి కూడా చెప్పనిది. ఆ రోజు నుంచి ఆ ఫోను తెరిస్తే చాలు, స్కానింగ్ సెంటర్లు, ఆసుపత్రులు, తెల్లకోటు వేసుకుని పళ్ళికిలించే డాక్టర్లు. ఛీ! బల్ల మీద ఎప్పుడూ బోర్లా పెట్టేదాన్ని.

ఆ రోజుల్లోనే వచ్చింది ఆ పిల్ల. వాన వెలిసిపోయినా గొడుగు మొహం దాకా దించుకుని వచ్చింది. చేతిలో ఆకుపచ్చ కోటు. "దీన్ని తిరగేసి కుట్టగలరా? లోపలి వైపు బయటికి రావాలి. చూస్తే ఇదే కోటని తెలియకూడదు," అంది. అక్క ఆ పిల్ల మొహం ఒకసారి చూసి తెర లాగింది. నేను మిషన్ ఎక్కాను. ఇంక దిగేది ఎప్పుడురా భగవంతుడా అనిపించేంత సేపు తొక్కాను.

లోపల ఏం చెప్పిందో అక్క నాకు చెప్పలేదు. ఆ పిల్లే మెల్లగా చెప్పుకొచ్చింది, మా దగ్గర కాజాలు కుడుతూ, కొట్టు పైగదిలో పడుకుంటూ. మొగుడిది ప్రభుత్వం వారి కెమెరాల ఆఫీసులో ఉద్యోగం. వీధుల్లో కెమెరాలు, జనం ఫోన్లు, అన్నీ అక్కడి నుంచి కనపడతాయట. దొంగల కోసమట! ఈ మహానుభావుడు జీతం తీసుకుని పెళ్ళాన్ని చూస్తూ కూర్చునేవాడు. మందుల షాపు దగ్గర ఎందుకంత సేపు నిలబడ్డావు, మీ అమ్మతో ఫోన్‌లో నా గురించి ఏమన్నావు అని సాయంత్రం భోజనాల దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ అప్పజెప్పేవాడు. చెయ్యి చేసుకునేవాడా అని అడిగాను. "అవసరం రాలేదండీ," అంది. ఇంట్లోంచి వచ్చేస్తూ తన ఫోన్‌ని ఊరవతలికి పోయే బస్సు సీటు కింద పడేసి, కెమెరాలకి మొహం చిక్కకుండా ఆ గొడుగొకటి వేసుకుని నడిచొచ్చిందట. మళ్ళీ వాడి చేతికి చిక్కితే ఇంక గడప దాటనివ్వడని దాని భయం. ఆ భయం అబద్ధమేం కాదు.

కోటు తిరగేశాక ఒక చిక్కొచ్చింది. కుడివైపుది ఎడమవైపుకి పోయింది కదా, పాత కాజాలు పనికిరావు. అవి మూసేసి రెండో వైపు కొత్తవి కుట్టాలి. కోటు కాజా అంటే మామూలు చొక్కా కాజా కాదు, గుండీ కూర్చునే చోట గుండ్రంగా తిప్పాలి. అక్క చేసి చూపించింది. ఆ పిల్లకి మళ్ళీ మళ్ళీ చూడాలని ఉంది, అక్కని విసిగించడం ఇష్టం లేదు. కొట్టులో గిరాకీకి డిజైన్లు చూపించే పాత ట్యాబ్ ఒకటుంది. దాంట్లో కాజాల వీడియో పెట్టుకుంది. తర్వాత చూసుకోవడానికి దాచుకోవాలంటే లోపలికి లాగిన్ అవ్వమంది ఆ దరిద్రపు ట్యాబ్. అలవాటు పడ్డ ఆ పిల్ల వేళ్ళు తన పాత ఖాతానే కొట్టాయి. కాజా మీద ధ్యాసలో తాను ఏం చేసిందో దానికే తట్టలేదు.

వాడు వచ్చింది పట్టపగలు. కొట్టు నిండా మనుషులు. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన కండక్టరమ్మ, యూనిఫారం ఇస్త్రీకి ఇచ్చిన నర్సమ్మ, ఊరికే కబుర్లకి వచ్చిన పక్క సెల్లు షాపావిడ. ఆ పిల్ల తెర వెనక కూర్చుని ఆఖరి కాజా కుడుతోంది. వాడు చూడడానికి ఎంత మర్యాదస్తుడో! నున్నగా దువ్విన తల, ఇస్త్రీ మడత నలగని చొక్కా. మంచి ఇస్త్రీ. నాకు ఒళ్ళు మండింది.

"నమస్కారమండీ. మా ఆవిడ కనపడటం లేదు. మనసు బాగోదు పాపం. ఈ చుట్టుపక్కలే ఉందని తెలిసింది," అన్నాడు.

"ఎలా తెలిసింది?" అంది అక్క, మిషన్ మీంచి తలెత్తకుండా.

వాడికి అదే కావాలి. గర్వంగా చెప్పాడు. ఇంట్లో ఇద్దరికీ కలిపి ఒకటే ట్యాబట, అందులో తెరిచి ఉన్నది పెళ్ళాం ఖాతాయేనట. దాని నిండా ఉన్నట్టుండి కాజా కత్తెరలు, కోటు దారాలు, గుండీల ప్రకటనలు మొదలయ్యాయట. "జన్మలో సూది పట్టలేదండీ అది. అప్పుడే అనుకున్నాను. ఆ ఖాతా ఏ పేటలో తెరిచిందో కూడా చూశాను. ఇక్కడున్న టైలర్ల కొట్లన్నీ చూసుకుంటూ వస్తున్నా," అన్నాడు. తెర వెనక సూది ఆగిపోయింది. నాకు వినపడింది.

"ఇక్కడ ఎవరూ లేరు, వెళ్ళండి," అన్నాను.

వాడు నాకేసి చూడలేదు. వెనక్కి వంగి బోర్డు మీది నంబరు చూసి, తన ఆఫీసు ఫోన్‌లో కొట్టాడు. కాసేపు చదువుకున్నాడు. మొహం మీద ఒక నవ్వు పాకింది. అలాంటి నవ్వు నేను జన్మలో చూడలేదు, చూడకూడదు కూడా. నా ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబెట్టినట్టు అనిపించింది.

"ఈ నంబరు మీదేనా అండీ? ఈ మధ్య తెల్లవారుజామున లేచి ఒకటే వెతుకుతున్నారు పాపం. మీ వారికి తెలుసా? ఇంతమందిలో చెప్పమంటారా, నాకు కావలసింది మీరు చెప్తారా?"

కళ్ళు తెర వైపు పోబోయాయి, బలవంతాన ఆపుకున్నాను. నా బతుకులో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

"సరే. ఈవిడకి రొమ్ములో గడ్డ..." అన్నాడు అందరికీ వినపడేలా.

గడగడమని మిషన్ మోగింది.

అక్క! ముందున్న గుడ్డ లాగి పారేసి, ఖాళీ మిషన్ తొక్కుతోంది. తెర లేదు, టేపు లేదు, కొలతా లేదు. వాడి పెదాలు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. వాడు గొంతు పెంచాడు. నర్సమ్మ ఒక్క ఉదుటున రెండో మిషన్ ఎక్కింది. కండక్టరమ్మ మెళ్ళో ఈల తీసి, బస్సు మీద బస్సు ఎక్కుతున్నట్టు ఊదింది. సెల్లు షాపావిడ రేకు డబ్బా మీద కత్తెరతో కొట్టింది. వాడు చెవులు మూసుకుని ఏదో అరుస్తూ తెర వైపు నడిచాడు.

కండక్టరమ్మ అడ్డం నిలబడింది. "ఆగు! లోపల ఆడవాళ్ళు బట్టలు మార్చుకుంటారు. సిగ్గూ శరం ఉందా నీకు?" ఆ గొంతు చివరి సీటు దాకా వినపడే గొంతు. వీధిలో పోయేవాళ్ళు గుమ్మంలో మూగారు. వాడు అందరి మొహాలూ చూసి, చొక్కా సర్దుకుని, "సాయంత్రానికి మనుషులతో వస్తాను. తెర పీకి చూస్తాను," అని పోయాడు. తూ! వాడు నిలబడ్డ చోట నీళ్ళు చల్లాను.

ఆ పిల్ల తెర వెనక నుంచి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేనే తెరిచాను ట్యాబ్‌లో. నేనే వాడి దగ్గరికి వెళ్ళిపోతాను. నా వల్ల మీకు..." అంటూ నా మొహం చూసి మాట మింగేసింది.

"నోరు ముయ్యి. కాజా పూర్తయిందా?" అంది అక్క.

"ఆ ఖాతా మూసేద్దాం," అంది సెల్లు షాపావిడ. మళ్ళీ తనే, "మూస్తే ఆఖరున తెరిచింది ఇక్కడేనని వాడికి రూఢి అవుతుంది," అని తల పట్టుకుంది.

"ఆ ఖాతాని ఒకరికంటే ఎక్కువమంది తెరవచ్చా?" అని అడిగింది అక్క.

"పాస్‌వర్డు చెబితే ఎవరైనా తెరవచ్చు."

"అయితే తొక్కండే ఖాళీ మిషన్!"

అప్పటికి గానీ మాకు వెలగలేదు. ఆ పిల్ల పాస్‌వర్డు చెప్పింది. కండక్టరమ్మ తన ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి బస్సెక్కి ఊరి చివరికి పోయింది. నర్సమ్మ ఆసుపత్రికి. సెల్లు షాపావిడ తన షాపుకొచ్చే ఆడవాళ్ళందరికీ చెప్పింది, వాళ్ళు వాళ్ళ వదినలకీ తోడికోడళ్ళకీ చెప్పారు. అందరూ వెతికింది ఒకటే, కోటు కాజా ఎలా కుట్టాలి? మధ్యాహ్నానికల్లా వాడి ట్యాబ్‌లో ఆ పిల్ల ఊరంతా ఉంది. రైల్వే స్టేషన్లో ఉంది, చేపల బజార్లో ఉంది, కాన్పుల వార్డులో ఉంది.

వాడు సాయంత్రం రాలేదు. కాన్పుల వార్డులోకి దూరబోతే ఆయాలు గెంటేశారట. తర్వాత కండక్టరమ్మ బస్సెక్కి, ఆడవాళ్ళ సీట్ల దగ్గర ఒక్కొక్కరి మొహంలోకీ తొంగిచూశాడట. "టిక్కెట్టు తియ్యవయ్యా ముందు!" అని నడిరోడ్డు మీద దింపేశానని కండక్టరమ్మ చెప్పి చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాడికి మెమో ఇచ్చే నాథుడు ఉన్నాడా? వాడి పక్క కుర్చీలో ఇంకొకడు కూర్చుని ఇంకెవరి ఇంట్లోకో చూస్తూ ఉండడూ? ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

ఆ పిల్ల తిరగేసిన కోటు తొడుక్కుంది. బూడిద రంగు బయటికొచ్చింది, ఆకుపచ్చ ఎటుపోయిందో తెలీదు. కాజాలు అక్క కుట్టినంత బాగా కుదిరాయి. గుమ్మంలో నిలబడి, "నేను వెళ్ళేది..." అనబోతే అక్క దాని నోటి మీద చెయ్యి పెట్టింది. "చెప్పకు. తెలిస్తే నా దగ్గర ఉంటుంది. ఉన్నదాన్ని తవ్వుకుపోవడానికి ఎవడో ఒకడు వస్తాడు." ఆ పిల్ల ఆవిడ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. తర్వాత వీధిలో అందరితో పాటు నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఎక్కడుందో మాకు ఇవాళ్టికీ తెలీదు.

మర్నాడు కొట్టులో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నర్సమ్మ వచ్చి యూనిఫారం తీసుకుంది, సెల్లు షాపావిడ కబుర్లు చెప్పింది. విన్నట్టు ఒక్కరి మొహంలోనూ లేదు. నాకేమో నాలుగు గోడలూ నన్నే చూస్తున్నట్టుంది. నా ఒంట్లో గడ్డ సంగతి నేను నోరు విప్పకముందే వాడి నోట్లో పడింది కదా, ఆ ఎంగిలి మాటని మళ్ళీ నేనెలా పలికేది? ఆసుపత్రికి పోవాలన్నా అసహ్యం వేసింది.

పొద్దెక్కాక అక్క లేచి తెర లాగింది. "రావే," అంది నాతో.

"నాకు కుట్టించుకునేదేం లేదు."

"టేపు పట్టి చూస్తాను, రా."

లోపలికి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ టేపు మెళ్ళో వేసుకుని ఎదురుగా కూర్చుంది, ఏమీ అడగలేదు. బయట నిశ్శబ్దంగా ఉంది, మిషన్ తొక్కాల్సినదాన్ని నేనే కదా మరి.

అప్పుడు బయట స్టూలు జరిగింది. ఎవరో ఎక్కి కూర్చుని, చేతకాక రెండుసార్లు వెనక్కి తొక్కి, మూడోసారికి గడగడమనిపించారు. ఎవరో నేను తర్వాత కూడా అడగలేదు.

"అక్కా," అన్నాను, "ఎడమవైపు."