చలిగదిలో కంప్యూటర్ అమ్మాయి

మొన్న నరసరావుపేటలో మా పాత కోల్డ్ స్టోరేజీ యజమానికి సంస్మరణ సభ పెట్టి, ఈ ప్రాంతానికి మొదట కంప్యూటర్ తెచ్చిన మహానుభావుడని పొగిడారు. వింటుంటే ఒళ్ళు మండింది. దాన్ని నడిపిన అమ్మాయి ఊసు ఒక్కడూ ఎత్తలేదు.

ఎనభైల నాటి మాట. అది టీవీకి తగిలించుకునే ఇంటి కంప్యూటర్. బస్తాల లెక్కలు కట్టే ప్రోగ్రామ్ టేపు క్యాసెట్లో ఉండేది. కంప్యూటర్‌కు చలి కావాలని గుంటూరులో దాన్ని అమ్మినవాళ్ళు చెబితే, ఆయన దాన్ని తీసుకెళ్ళి మిరప బస్తాల చలిగదిలో పెట్టించాడు! బయట మే నెల ఎండ. లోపల ఆ పిల్ల స్వెట్టర్ తొడుక్కుని, క్యాసెట్‌ను చంకలో పెట్టుకుని వెచ్చబెట్టేది. అలా చేస్తేగానీ టేపు సరిగా తిరిగేది కాదు. ఆమె జీతంతోనే వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది.

"అయ్యా, దీన్ని బయటి గదిలో పెట్టించండి," అని ఎన్నిసార్లు అడిగిందో.

"ఏందమ్మా, గుంటూరోళ్ళకంటే నీకెక్కువ తెలుసా?" అని నవ్వేవాడు.

ఒకరోజు బంధువులకు చూపించాలని ఆయనే దాన్ని వరండాలోకి మోయించాడు. వేడిగాలి తగలగానే చల్లటి పెట్టె మీద నీళ్ళు పట్టాయి.

"అయ్యా, ఆరేదాకా ఆగండి!" అని ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతిని నెట్టేసి ఆయన స్విచ్ వేశాడు. చిటపటమంది, కాలిన వాసన వచ్చింది.

"తగలబెట్టావు గదే! రేపట్నుంచి రాబాక," అన్నాడు, బంధువుల ముందే.

కంప్రెసర్ నడిపే నేను పక్కనే ఉన్నాను. ఆమె నావైపు తిరిగింది.

"బాబాయ్, స్విచ్ ఎవరేశారో నువ్వు చూశావుగా. చెప్పు."

ఇవాళ ఇంత కోపంగా రాస్తున్న నేను ఆరోజు, "నేను చూళ్ళేదమ్మా," అన్నాను.