ఆ మధ్యాహ్నం మాతో కలిసి ప్రార్థించిన గొంతు

దెయ్యాలు, గాలి ధూళి అంటే మా ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు. మా నాన్న కొవ్వూరు అవతల ఒక సమాధుల తోటకి కాపలా ఉండేవాడు. మేము పిల్లలం ఆ గోడ మీద కూర్చునే అన్నాలు తిన్నాం. ఏ రోజూ ఏదీ కనపడలేదు, వినపడలేదు. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషిని గానీ, విన్నది మర్చిపోయే మనిషిని కాను. అందుకని ఇది విన్నది విన్నట్టే చెప్తాను.

మేము ఉండేది ఇంగ్లండులో తూర్పు వైపు ఒక చిన్న ఊరు. మా ఆయన ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో కేరర్. నేను అదే హోమ్‌లో లాండ్రీ చూస్తాను. ఊరి చివర పెద్ద విమానాల బేస్ ఉంది. గేటు మీద పేరు ఇంగ్లండు వాళ్ళది, లోపల ఉండేది అమెరికా వాళ్ళు. వాళ్ళ కార్లకి స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది. మేమూ వాళ్ళూ ఒకే షాపులో ఉల్లిపాయలు ఏరుకుంటాం. విమానం లేచిందంటే వంటింట్లో గ్లాసులు గలగలమంటాయి. మాట మధ్యలో ఆగి, అది పోయాక మళ్ళీ అందుకోవడం ఇక్కడ అందరికీ అలవాటే.

మా తమ్ముడు ప్రసాదు కూడా ఇలాంటి అమెరికా బేస్‌లోనే వంటవాడు. అది గల్ఫులో ఉంది. ఆ దేశం పేరు రాయను, వాడింకా ఆ కాంట్రాక్టు కంపెనీ కిందే పని చేస్తున్నాడు. సిపాయిలకి గుడ్లు వేయడం, మాంసం కాల్చడం, అన్నం వార్చడం వాడి పని. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే వేళాకోళం, "అక్కా, నువ్వూ నేనూ ఒకే దొర గోడకి చెరో పక్క ఉన్నాం" అని.

ఒకరోజు ఆ బేస్ మీద మిసైళ్ళు పడ్డాయని వార్తల్లో చూశాం. వాడి ఫోన్ కలవలేదు. మెసేజ్ పెడితే ఒక్క టిక్కే పడింది. మర్నాడూ అంతే. ఇక్కడ మా నెత్తి మీద విమానాలు ఎప్పటికంటే ఎక్కువ తిరుగుతున్నాయి. అవి అక్కడికే వెళ్తున్నాయని షాపులో అనుకుంటున్నారు. వాటికి దారి తెలుసు, నాకే ఒక్క మాట పంపే దారి లేదు.

ఆ మర్నాడు నేను చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. హోమ్‌లో పని అయ్యాక తిన్నగా బేస్ గేటు దగ్గరికి వెళ్ళాను. అన్నీ అమెరికా వాళ్ళవే కదా, ఒక కంపెనీ బ్రాంచీల్లాంటివే కదా, లోపలి నుంచి ఒక ఫోన్ కొట్టి కనుక్కోలేరా అనుకున్నాను. గేటు దగ్గరి కుర్రాడికి ప్రసాదు ఫోటో చూపించి, నా వచ్చీ రాని ఇంగ్లీషులో "మై బ్రదర్, యువర్ కిచెన్" అన్నాను.

అతను ఓపిగ్గానే చూశాడు. అది వేరే దేశం, మేడమ్ అన్నాడు.

దేశం వేరైనా మీరే కదా బాబూ అన్నాను.

అతను ఇక్కడ నిలబడకూడదని మాత్రం చెప్పి, రోడ్డు దాటేదాకా నా పక్కనే నడిచాడు.

గురువారం మధ్యాహ్నం మెర్సీ ఇంట్లో ఈ ఊళ్ళోని మా తెలుగు ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం. మెర్సీ ఆసుపత్రిలో నర్సు. ఆమె, సుజాత, నేను, ఇంకో ఇద్దరు ముగ్గురు. మగవాళ్ళందరూ డ్యూటీల్లో ఉన్నారు, ఇంట్లో మేము తప్ప ఎవరూ లేరు.

మాకొక పద్ధతి ఉంది. తాడేపల్లిగూడెంలో ఉండే మా పాస్టర్ గారికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, ఆ ఫోన్‌ని ఒక కుర్చీలో నిలబెడతాం, ఆయన వచ్చి కూర్చున్నట్టు. ఆయన అక్కడి నుంచి ప్రార్థన చేస్తే మేము ఇక్కడ ఆమేన్ అంటాం. ఆ రోజూ మెర్సీ ఫోన్ కలిపి కుర్చీలో పెట్టింది. అది మోగుతుండగానే మేము మోకరించి మొదలుపెట్టేశాం.

మా ప్రార్థన ఎలా ఉంటుందో మావాళ్ళకి తెలుసు. అందరం ఒక్కసారే, గట్టిగా, ఎవరి గోడు వాళ్ళం చెప్పుకుంటాం. నేను ఒక్కటే అడిగాను, "నా తమ్ముణ్ణి బయటికి తీసుకురా తండ్రీ" అని. వేరే మాట రాలేదు. కాసేపటికి ఒక్కొక్కరం ఆగాం. అప్పుడు ఒక మగ గొంతు మిగిలింది.

బొంగురు గొంతు, మా గోదావరి మాట. అలిసిపోయినట్టుంది గానీ తొందర లేదు. "ఎస్తేరు రాణిని చూసుకో నాయనా. జాయిపాప ఎడమ కాలు నేలకి ఆనేలా చెయ్యి. ఆళ్ళకి నేను తప్ప ఎవరూ లేరు." ప్రతి మాటకీ మేము ఆమేన్ అంటూనే ఉన్నాం. పాస్టర్ గారు వాళ్ళ సంఘంలో ఎవరి తరఫునో ప్రార్థిస్తున్నారనుకున్నాం. తర్వాత ఆ గొంతు, "ఇంకొక్కటి అడుగుతాను తండ్రీ" అంది.

అప్పుడే విమానం లేచింది. కిటికీలు అదిరాయి, ఏమీ వినపడలేదు. ఆ మోత తగ్గేసరికి గొంతు ఆగిపోయింది. ప్రార్థన అయిపోయిందనుకుని అందరం కలిసి ఆమేన్ అన్నాం.

కళ్ళు తుడుచుకుంటూ లేచాం. "పాస్టర్ గారికి గొంతు పట్టేసినట్టుంది వదినా, మిరియాల పాలు తాగమని చెప్పాలి" అంది మెర్సీ.

"ఎస్తేరు రాణి ఎవరే? ఆ పేరు గలావిడ మన సంఘంలో లేదుగా?" అంది సుజాత.

మెర్సీ ఫోన్ తీసి చూసింది. చూసి నా చేతికిచ్చింది. కాల్ ఎవరూ ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది.

సాయంత్రం పాస్టర్ గారే ఫోన్ చేశారు. ఒక సమాధి కార్యక్రమంలో ఉన్నానమ్మా, ఫోన్ ఇంట్లోనే వదిలేశాను, ఇప్పుడే చూశాను అన్నారు. గొంతు ఎప్పటిలాగే ఖణేల్మంటోంది. మెర్సీ వాళ్ళాయన పక్కింటి టీవీ అయి ఉంటుంది అన్నాడు. ఇటు పక్క ఇంట్లో, అటు పక్క ఇంట్లో ఉండేది అమెరికా సిపాయిల కుటుంబాలు. వాళ్ళ టీవీలో గోదావరి తెలుగు ఎవడు మాట్లాడతాడని సుజాత అడిగింది.

శనివారం ప్రసాదు ఫోన్ వచ్చింది. "అక్కా" అన్నాడు, అంతే, ఏడుపు. నేనూ ఏడ్చాను. కాస్త తేరుకున్నాక చెప్పాడు. గురువారం మధ్యాహ్నం మళ్ళీ సైరన్ మోగిందట. వంటవాళ్ళందరూ కాంక్రీటు షెల్టరులోకి పరిగెత్తారు. పొయ్యిలకి గ్యాసు కట్టెయ్యాల్సిన వంతు ఆ రోజు ప్రసాదుది. కంగారులో మర్చిపోయి వచ్చేశాడు. గుర్తొచ్చి లేవబోతే పక్కనున్నవాడు భుజం పట్టుకుని కూర్చోబెట్టాడట. "నువ్వుండరా, నేను కట్టేసి వస్తాను" అన్నాడట.

"రాజబాబు అని, మనవైపు వాడే అక్కా. ఈ మధ్యే వేరే క్యాంపు నుంచి వచ్చాడు. వాడు లోపలుండగా వంటగది మీద మిసైలు పడింది, మళ్ళీ రాలేదు."

అతని పేరు నేను అంతకుముందు వినలేదు. ఎందుకడిగానో గానీ అడిగాను, వాళ్ళావిడ పేరేంట్రా అని.

"ఎస్తేరు రాణి."

"చిన్నపిల్ల ఉందా? కాలు బాగోదా?"

"నీకెవరు చెప్పారక్కా?" అన్నాడు.

ఏం చెప్పను? తర్వాత చెప్తాలే అన్నాను. ఆ గొంతు మా అందరికీ వినపడింది ఏ వేళకో, అక్కడ ఆ వంటగది కూలింది ఏ వేళకో ఎవరం సరిగ్గా చెప్పలేం. గడియారం చూసుకునే పరిస్థితి ఇక్కడ మాకూ లేదు, అక్కడ వాళ్ళకీ లేదు.

రాజబాబు శవం ఇంటికి రావడానికి చాలా రోజులు పట్టింది. అన్నీ అయ్యాక ప్రసాదు దగ్గర నంబరు తీసుకుని ఎస్తేరు రాణికి ఫోన్ చేశాను. చెప్పాలా వద్దా అని ఎంతో ఆలోచించాను. మా ఆయన వద్దన్నాడు. కానీ మొగుడి ఆఖరి ప్రార్థన ఆమెది, నాది కాదు కదా. విన్నది విన్నట్టు చెప్పాను. ఆమె మధ్యలో ఎక్కడా ఆపలేదు.

"చివర్న ఇంకొకటన్నారు కదా, అదేంటండీ?" అంది.

"విమానం లేచిందమ్మా. వినపడలేదు."

"ఒక్క ముక్కైనా?"

"ఒక్క ముక్క కూడా."

"మరి దానికీ ఆమేన్ అన్నారా ఆంటీ?" అంది.

"అన్నామమ్మా. అందరం అన్నాం."

ముందు ఫోన్ పెట్టేసింది ఎవరో గుర్తులేదు, గుర్తుండకపోవడం నాకు కొత్త.

ఆ గొంతు ఎలా వచ్చిందో, అక్కణ్ణుంచి మా గదిలోకే ఎందుకు వచ్చిందో నాకు తెలీదు. చదువుకున్నవాళ్ళని అడిగాను, వాళ్ళకీ తెలీదు. ప్రసాదు బతికున్నాడు. అందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకుందామని ప్రతి గురువారం మోకరిస్తాను. రాజబాబు చివర్న ఏమడిగాడు, అందరం ఒక్క గొంతుతో దేనికి ఒప్పుకున్నాం అన్న ఆలోచన వస్తుంది. నోట్లోంచి ఒక్క మాటా రాదు.