ఆవకాయ మూత, కుంకుమ గిన్నె

ఆ రోజుల్లో నాకు కొన్ని గట్టి నమ్మకాలుండేవి. నాలాంటి ఇంజనీరుకు చక్రం ఒక లెక్కా అన్నది వాటిలో మొదటిది. దేశానికి దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో పాలిటెక్నిక్ కోర్సు పూర్తి చేసి, ఆ చలికి మొద్దుబారిన వేళ్లతోనే ఆక్లాండ్ వచ్చి, సిటీలో ఒక ఆఫీసులో కుదురుకుని, మౌంట్ రాస్కిల్‌లో బాబాయి వాళ్లింట్లో దిగాను. పిల్లలు లేని ఇల్లు కదా, ఇద్దరే ఉంటారనుకున్నాను. కాదు, ముగ్గురు. బాబాయి, పిన్ని, కారవాన్. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఆ రెండు చక్రాల ఇంటిని బాబాయి ఏదో వేలంలో కొన్నాడు. దాన్ని రోజూ నిమిరేవాడు. వర్షం వస్తే నాకు గొడుగు ఇచ్చేవాడో లేదో గానీ, దానికి మాత్రం పరుగెత్తుకెళ్లి పట్టా కప్పేవాడు.

పిన్నికి ఆ బండంటే గిట్టేది కాదు. ఒకసారి దాని టైరు పేలి, ఇంకోసారి లైట్లు ఆరిపోయి, రెండుసార్లూ ఆవిడ రోడ్డు పక్కన గడ్డిలో కూర్చుని పులిహోర తినాల్సి వచ్చింది. ఆ క్రిస్మస్ సెలవులకి సముద్రం పక్కన కొండలుండే కోరమాండల్ వైపు వెళదామని బాబాయి అన్నప్పుడు (ఆ పేరు వింటే పిన్నికి విజయవాడ ప్లాట్‌ఫాం మీద ఆగే రైలే గుర్తొచ్చేది) ఆవిడ ఒప్పుకుంది గానీ, "ఏమండీ, ఇదే చెబుతున్నా. ఈసారి దారిలో ఆగిందా, తిరిగొచ్చాక ఆ డబ్బాని అమ్మేయాల్సిందే" అంది. బాబాయి ముఖం పాలిపోయింది. "సరే" అని మాట ఇచ్చేశాడు పాపం.

అందుకే బేరింగుల మీద పడ్డాం. చక్రం మధ్యలో, ఇరుసు మీద తిరిగే ఆ ఉక్కు రోలర్లకి గ్రీజు ఎండిపోతే వేడెక్కి కరిగి చివరికి చక్రమే ఊడిపోతుందట. బాబాయి నడుం పట్టేసి ఉండడంతో పని నాకు అప్పగించి, తను కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. జాకీ మీద ఎత్తి, చక్రం తీసి, పైన మూతలా ఉండే స్టీలు టోపీ ఊడగొట్టి, బేరింగుల్ని కిరసనాయిల్లో కడిగాను. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని వాటిని అందులోకి అదుముతుంటే, "ఒరేయ్, ముద్దపప్పు కలిపినట్టు కాదు, లోపలికంటా ఎక్కాలి!" అని బాబాయి కేకలు. కుడి చక్రం పూర్తయింది. ఎడమ చక్రం టోపీని నేను ఉత్సాహం కొద్దీ వంటింటి సబ్బుతో తళతళలాడేలా తోమి షెడ్డులో బల్ల మీద ఆరబెట్టి, లోపల టీ తాగి వచ్చాను. టోపీ లేదు.

బల్ల కింద వెతికాం, చెత్తబుట్టలో వెతికాం, పక్కింటి పిల్లిని అనుమానించాం. క్రిస్మస్ రోజు, ఒక్క షాపు తెరిచి ఉంటే ఒట్టు. తెల్లారితే ప్రయాణం. బాబాయి కాసేపు ఆలోచించి, వంటింట్లోకి కుంటుకుంటూ వెళ్లి, లుంగీ మడతలో ఏదో దాచుకుని వచ్చాడు. చిన్న ఆవకాయ సీసా మూత. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. చుట్టూ టేపు బిగించాం. "ఇంజనీరింగ్ అంటే ఇదేరా అబ్బాయ్. మీ పిన్నికి మాత్రం చెప్పకు" అన్నాడు గర్వంగా. నాకూ అది అద్భుతంగానే తోచింది.

మర్నాడు పిన్ని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కారు బానెట్‌కి బొట్టు పెట్టింది. బయల్దేరాం. బాబాయికి ఒక అలవాటుంది. కాస్త దూరం వెళ్లాక ఆపి, చంటిపిల్ల నుదురు చూసినట్టు చక్రం నడిమధ్య చేతి వెనకవైపుతో తాకి చూసేవాడు. "జ్వరం లేదు" అంటే మళ్లీ ప్రయాణం. ఆ రోజు ఆ కొండదారిలో, ఆపే చోటు రాకముందే, కారులోకి మాడు వాసన వచ్చింది. పిన్ని ఉలిక్కిపడి, "స్టవ్వు ఆపానా?" అంది. మరుక్షణం బాబాయి, నేను ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. బేరింగు పోయింది, చక్రం ఊడుతుంది, లోయలో పడతాం, బతికి బయటపడితే బండి అమ్మేస్తారు! అన్నీ ఒకేసారి తోచాయి నాకు.

రోడ్డు పక్కన ఆపి పరిగెత్తాం. ఎడమ చక్రం దగ్గర సన్నగా పొగ. నేను తాకబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. జాకీ పెట్టి బండిని ఎత్తాను. బాబాయి నడుం నొప్పి మర్చిపోయి కూలబడి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. కదల్లేదు. నెమ్మదిగా తిప్పి చెవి ఒగ్గాడు. నేనూ ఒగ్గాను. గరగర లేదు, గీరుడు లేదు, మెత్తగా తిరుగుతోంది. బేరింగు బంగారంలా ఉంది! మరి వాసన? దిగుడులో బ్రేకుల వేడికి టేపు మాడుతోంది, దానికి తోడు మూతకి అంటిన ఆవకాయ నూనె. ఇద్దరం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాం.

"ఇదేంటి?" అని మా తలల మీదుగా వినిపించింది. పిన్ని వంగి చూస్తోంది. "నా ఆవకాయ మూత! నిన్నటి నుంచి ఇల్లంతా వెతుకుతున్నా! ఆ సీసాకి ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేశా! మూతని తీసుకొచ్చి చక్రానికి పెడతారా? మతి ఉందా మీకు?" పిన్ని విసవిసా కారు దగ్గరికెళ్లి, "దిష్టి తగిలింది, ఇంకేముంది. ఉండండి, దీనికీ ఒక బొట్టు పెడతా" అంటూ హ్యాండ్‌బ్యాగులోంచి కుంకుమ గిన్నె తీసింది. ఎండలో తళతళలాడింది. నేను తోమిన తళతళ అది. బాబాయి చక్రం వదిలేసి దానివైపు వేలు చూపించాడు.

"అది... ఎక్కడిది?" అన్నాడు.

"షెడ్డులో బల్ల మీద. మీరిద్దరూ ఏనాడైనా ఒక గిన్నె తోమారా? అంత శుభ్రంగా ఉంటే, క్రిస్మస్‌కి నాకోసం కొన్నారనుకున్నా" అంది పిన్ని. ఇద్దరి ముఖాలూ చూసి, చేతిలోని దాన్నీ, చక్రాన్నీ మార్చి మార్చి చూసి, "అయ్యో రాత!" అని గడ్డిలో చతికిలబడింది. ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనడానికి లేకుండా పోయింది.

కుంకుమని కాగితంలోకి ఒంపుకుని, టోపీ తుడిచి, సుత్తితో తట్టి బిగించాను. ఎంత తుడిచినా గ్రీజుకి ఎరుపు అంటింది. బయల్దేరుతుండగా బాబాయి, "ఆగింది కదా మరి. మాట ఇచ్చా. తిరిగెళ్లాక అమ్మేస్తాలే" అన్నాడు. పిన్ని కిటికీలోంచి సముద్రం చూస్తూ, "కుంకుమ పెట్టుకున్న గిన్నెని దాని చక్రానికి కొట్టారు. ఇప్పుడు ఎవరికో ఎట్లా అమ్ముతారండీ?" అంది. బాబాయి కళ్లు తుడుచుకోవడం నేను అద్దంలో చూశాను.

ఇప్పుడా కారవాన్ నా ఇంటి ముందుంది. ఇచ్చేటప్పుడు బాబాయి తాళాలు ఇచ్చాడు, పిన్ని నిమ్మకాయలు ఇచ్చింది. వేసవి ప్రయాణాల్లో నేను దారిలో ఆపి చక్రాన్ని చేతి వెనకవైపుతో తాకితే, మా అమ్మాయి "డాడ్, ఇట్స్ ఎ వీల్, నాట్ ఎ బేబీ" అని సిగ్గుతో సీట్లోకి కుంగిపోతుంది. చక్రం ఒక లెక్కా అనుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఏటా ఆ టోపీ ఊడదీసి పాత గ్రీజంతా నేనే తుడుస్తాను. కొత్తది నింపి మూత పెట్టే ముందు, ఎవరూ చూడకుండా అందులో చిటికెడు కుంకుమ వేస్తాను.