బొట్టు పళ్లెం నన్ను దాటిపోయిన రోజు

నాకు సంతకం వరకే వచ్చు. అందుకే చెప్పి రాయిస్తున్నాను. నా మాటను మెత్తగా మార్చవద్దని ముందే చెప్పాను.

ఎల్బీనగర్‌లో మా కిరాయి ఇంటికి ఒక పిల్ల వచ్చేది. చైతన్యపురి హాస్టల్లో ఉంటూ దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదివేది. ఊరి పాటలు, చేతిపనులు పిల్లలు దగ్గర కూర్చుని నేర్చుకోవాలని ఎవరో పెద్దలు కాలేజీకి డబ్బు ఇచ్చారట. ఇంటర్న్‌షిప్ అంటారు. నేర్చుకున్నంతకాలం పిల్లకు నెలనెలా ఖర్చులకు వస్తుంది. ఆమె నేర్చుకున్నదేమీ లేదు. ఫోన్ నా ముందు పెట్టి, నేను పాడుతుంటే తన గోళ్ల రంగు చూసుకునేది.

మాది పోచంపల్లి వైపు నేత ఇల్లు. మగ్గం మీద మా ఆయన, ఆసు మీద నేను. ఆసంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి పోసే చట్రం. చెయ్యి అటూ ఇటూ ఆడుతుంటే భుజం నొప్పి మరవడానికి పాడే పాట ఒకటి మా అత్త నేర్పింది. ఆయన పోయాక దాన్ని మళ్లీ ఎత్తుకున్నది ఆ ఫోన్ ముందే.

తర్వాత కాలేజీలో సభ పెట్టారు. పాటలు చెప్పిన ఆడవాళ్లందరినీ ముందు వరుసలో కూర్చోబెట్టారు. పిల్లల పని చూసే మేడం పళ్లెంతో వచ్చి, ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి రవికె గుడ్డ ఇస్తోంది. నా దగ్గరికి వచ్చేసరికి పళ్లెం పక్కకు జరిగింది.

"ఏమీ అనుకోకండమ్మా, మీకు పెట్టకూడదు కదా. పెద్దవారు, మీకు తెలియనిదా," అంది నవ్వుతూ.

అప్పుడే పిల్ల ఫోన్‌ను స్పీకర్లకు తగిలించారు. నా పాట మొదలైంది. చప్పట్లు కొట్టారు. ఒక్కొక్కటీ నా చెంప మీద పడ్డట్టే ఉంది. లేచి వచ్చేశాను.

మర్నాడు పిల్ల మిఠాయి డబ్బాతో వచ్చింది. "అమ్మమ్మా, చెప్పకుండ ఒచ్చేసినవేంది?"

"ఫోన్ల నా పాట తీసెయ్."

"అయ్యో, గది కాలేజీకి ఇయ్యాలె. ఇయ్యకుంటె నా ఇంటర్న్‌షిప్ పోతది. హాస్టల్ కిరాయి గా పైసలకెల్లే కడుతున్న."

"నా నొసలు పనికిరాని కాడ నా గొంతెట్ల పనికొస్తదే?"

"నేనేం జేసిన? మేడమే కదా..."

"నువ్వు గామె పక్కన నిలబడి ఫొటో దిగినవ్. నేర్చుకునేటందుకే కదా నీకు పైసలిచ్చేది? నేర్చుకో. నీ గొంతుతోని పాడి ఇచ్చుకో."

ఆసు ఊళ్లోనే ఉండిపోయింది. కిటికీ ఊచలకు దారం కట్టి, చెయ్యి ఆడిస్తూ పాడమన్నాను. సగం పాటకే ఆయాసపడింది.

"భుజం గుంజుతుంది అమ్మమ్మా."

"గుంజాలె. గందుకే గా పాట."

వచ్చిన ప్రతిసారీ తిట్టాను. ఏడ్చింది, మళ్లీ వచ్చింది. పాట పట్టుబడ్డ రోజున ఫోన్లో తన గొంతు ఎక్కించుకుని, నా ఎదుటే నాది తుడిచేసింది.

మేడం ఫోన్ చేసింది. "అమ్మాయి గొంతులో ఆ జీవం లేదమ్మా. మీరే ఒక్కసారి పాడి పెట్టండి."

"పాడుత. పళ్లెం పట్టుకొని మా ఇంటికి రా. బొట్టు పెట్టినంక పాడుత," అన్నాను.

మేడం ఫోన్ పెట్టేసింది, పళ్లెంతో రాలేదు. కాలేజీలో ఇప్పుడు ఆ పిల్ల గొంతే ఉంది.